లాంచీ అడుగున వంటగది

నది మీద సాయంత్రపు షికారుకి, భోజనానికి అని టికెట్టు కొనుక్కుని వచ్చేవాళ్ళు నన్ను మొట్టమొదట అడిగేది నది గురించి కాదు, మరుగుదొడ్డి ఎటువైపు అని. రెండో ప్రశ్న, లాంచీ ఊగుతుందా. మూడోది, భోజనం ఎన్నింటికి. ఈ మూడింటికీ నవ్వుమొహంతో జవాబు చెప్పడానికి నన్ను ఆ చలికాలం నాలుగు నెలలకి ఉద్యోగంలో పెట్టుకున్నారు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే. అందుకని మరుగుదొడ్డి జవాబుతో సహా అన్నీ కాగితం మీద రాసుకుని, అద్దం ముందు బట్టీపట్టి మరీ వెళ్ళాను.

ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆరింటికి రేవు వదులుతాం. మొదటి అరగంట అందరూ పై అంతస్తులో నిలబడి పొద్దు వాలడం చూస్తారు, ఫొటోలు తీసుకుంటారు. చలిగాలి మొదలవగానే ఒక్కొక్కరే అద్దాల హాల్లోకి దిగి బల్లల దగ్గర సర్దుకుంటారు. ఆరుముప్పావుకి సూపు. ఏడింటికి పాత వంతెన దాటి, ప్రవాహానికి అడ్డంగా లాంచీని వెనక్కి తిప్పుతారు. అప్పుడు ఒక పక్కకి కొద్దిగా ఒరుగుతుంది. అందుకని, దయచేసి మీ గ్లాసులు చేత్తో పట్టుకోండి అని నేను మైకులో చెబుతాను. ఆ తర్వాత చేప, వేయించిన బంగాళాదుంపలు, అన్నం, రెండు కూరలు, చివర్లో పుడ్డింగు. ఎనిమిదిన్నరకి మళ్ళీ రేవు.

హాలు కింద ఇంకో గది ఉంది. దాని సంగతి నా కాగితంలో లేదు. ఇంజను పక్కన, తల వంచి నడవాల్సినంత ఇరుకు వంటగది. అందులో పన్నెండేళ్ళుగా నలభై మందికి వండుతున్నది మా అమ్మ.

ఉద్యోగం ఖాళీ ఉందన్న కబురు తెచ్చిందీ అమ్మే, షరతు పెట్టిందీ అమ్మే.

"లాంచీ మీద నన్ను అమ్మా అని పిలవకు."

"మరి ఏమనాలి?"

"అందరూ ఏమంటారో అదే. వంటమ్మ."

నాన్న దర్జీ. మా ముందుగదిలోనే ఆయన మిషను. నా ఉద్యోగపు నీలం కోటుకి బొత్తాలు కుడుతున్నవాడల్లా తలెత్తాడు. "మరి నేనొస్తే నన్నేమంటారు?"

"నువ్వు రావు. నీకు చెంబుడు నీళ్ళు నెత్తిన పోసుకోవడానికే భయం," అంది అమ్మ.

షరతుకి కారణం ఉంది. ఆ ఏడాదే వచ్చిన కొత్త మేనేజరు ఇంటర్వ్యూలో ఒక మాట అన్నాడు. "ఇక్కడ పనిచేసేవాళ్ళకి మీరు చుట్టాలైతే ముందే చెప్పండి. చుట్టరికాలు ఎక్కువైతే పని కుంటుపడుతుంది." నేను నోరు విప్పలేదు. నీ చదువు చూసి తీసుకున్నారనుకోవాలి గానీ వంటమ్మ కూతురని తీసుకున్నారనుకోకూడదు అని అమ్మ ముందే గట్టిగా చెప్పి పంపింది. లాంచీ మీద ఈ సంగతి తెలిసింది సరంగు ఒక్కడికే. లాంచీ నడిపేది ఆయనే. అరవైకి దగ్గర పడ్డ మనిషి, అమ్మని చెల్లెమ్మా అంటాడు. నన్ను చూసినప్పుడల్లా చుక్కాని గదిలోంచి కనుబొమలు ఎగరేసి ఊరుకునేవాడు.

మధ్యాహ్నం బస్సులో అమ్మ, సాయంత్రం బస్సులో నేను. ఆవిడ వెనక మెట్ల మీదుగా కిందికి, నేను ముందు మెట్ల మీదుగా పైకి. నెలరోజుల పాటు ఆ వంటగది గుమ్మం తొక్కలేదు. అమ్మ పెట్టిన షరతు కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, కోటుకి నూనె వాసన పడుతుందని కూడా అనుకున్నాను.

అతిథులు దిగిపోయేటప్పుడు తమ అభిప్రాయాలు చీటీల మీద రాసి ఒక పెట్టెలో వేసేవాళ్ళు. నెల తిరిగేసరికి పెట్టె నిండింది. మేనేజరు దాన్ని నా ముందు పెట్టి, "చదువుకున్నదానివి కదా, ఇందులో పనికొచ్చేది ఏముందో ఒక పేజీలో రాసివ్వమ్మా," అన్నాడు.

నా చదువుని ఎవరైనా పనికి పిలవడం అదే మొదలు. రెండు రోజులు కూర్చుని రాశాను. ఒకటి, పై అంతస్తులో కుర్చీలు చాలడం లేదు. రెండు, పుడ్డింగు వచ్చేసరికి రేవు వచ్చేస్తోంది. మూడు, సూపు తాగే వేళకి చుక్కాని గదిలోంచి గంట మోగుతోంది. బడి వదిలినట్టుందని ఒకరు, పాప ఉలిక్కిపడి గౌను మీద ఒలకబోసుకుందని ఇంకొకరు, మొత్తం పదకొండు చీటీలు. లాంచీ తిరగబోతోందని మైకులో చెబుతూనే ఉన్నాం కాబట్టి ఈ పాతకాలపు గంట ఇక అవసరం లేదని నా అభిప్రాయం. కింద సంతకం, సంతకం పక్కన డిగ్రీ.

ఇవ్వబోయే రోజు పొద్దున ఇంట్లో పైకి చదివి వినిపించాను. అమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. నాన్న పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని తల ఊపుతున్నాడు.

"ఆ మూడోది మళ్ళీ చదువు," అంది అమ్మ.

చదివాను. ఇంకాస్త గట్టిగా.

అమ్మ కత్తి ఆపి నా వంక చూసింది. "ఇదంతా నీ అంతట నువ్వే రాశావా?"

"మరి ఇంకెవరు రాస్తారు?"

"బాగుంది," అని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

నాన్న నోట్లోంచి సూదులు తీసి, "ఆ అక్షరాలు చూడు, అచ్చు కొట్టినట్టున్నాయి," అన్నాడు. ఆయనకి చదవడం అంతంతమాత్రం, చూడడం మాత్రం బాగా తెలుసు.

మేనేజరు పేజీ మొత్తం చదివి, "నాకు కావాల్సింది ఇలా రాసేవాళ్ళు," అన్నాడు. ఆ సాయంత్రం నుంచి గంట మోగలేదు.

ఐదో రోజు, లాంచీ ఇంకా వంతెన చేరకముందే, ఇసుక పడవ ఒకటి దీపం లేకుండా అడ్డం వచ్చింది. సరంగు వంతెన దాకా వెళ్ళకుండా ఇవతలే లాంచీని తిప్పేశాడు. నేను మైకు అందుకునేలోపే హాలు ఒక పక్కకి ఒరిగింది. రెండు గ్లాసులు పడ్డాయి. ఒకావిడ చెంచా జారి పక్కవాళ్ళ బల్ల కిందికి పోతే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వుల మధ్య, మా కాళ్ళ కింది నుంచి, పెద్ద గిన్నె పడిన చప్పుడు.

వడ్డించే ఆయన వచ్చి నా చెవిలో చెప్పాడు. "వంటమ్మ చెయ్యి కాలింది. ఉడుకుతున్న అన్నం గిన్నె ఒరిగి గంజి పడింది."

వెనక మెట్లు మొదటిసారి దిగాను. నేలంతా అన్నం, పొగలు. అమ్మ ఓ మూల పీట మీద కూర్చుని, కుడిచేతిని మోచేతి దాకా బకెట్టు నీళ్ళలో ముంచి పెట్టుకుంది. మొహం పాలిపోయింది. గిన్నెలు కడిగే ఆమె పక్కన నిలబడి ఏం చెయ్యాలో తోచక చీపురు పట్టుకుంది. నేను నోరు తెరిచాను. ఏమని పిలవబోతున్నానో అమ్మకి అర్థమైంది.

"మీరు పైకెళ్ళండి," అంది నన్ను. "అతిథులున్నారు. చేప వేయించడం అయిపోయింది. అన్నం బదులు రొట్టె పెట్టమనండి."

పుట్టి బుద్ధెరిగాక అమ్మ నన్ను మీరు అనడం అదొక్కసారే. నేను వెళ్ళాను. రొట్టె పెట్టించాను. చివరి అతిథి మెట్లు దిగేదాకా నవ్వుతూ వీడ్కోలు చెప్పాను. ఆ నవ్వు నా మొహం మీద ఎలా నిలబడిందో ఈ రోజుకీ నాకు తెలియదు.

మూడు వారాలు చెయ్యి కదపకూడదన్నాడు డాక్టరు.

మర్నాడు పొద్దున మేనేజరు రమ్మంటే రేవుకి వెళ్ళాను. సరంగు చుక్కాని గది అద్దాలు తుడుస్తున్నాడు.

"ఆ గంట ఎందుకో నీకు తెలీదా పిల్లా?"

"వంతెన వచ్చిందని చెప్పడానికి కదా."

"వంతెన కళ్ళున్న ప్రతివాడికీ కనిపిస్తుంది. కింద పొయ్యి దగ్గరున్న మనిషికి కనిపించదు. ఇంజను మోతలో నీ మైకు అక్కడికి వినిపించదు. నేను రెండు దెబ్బలు కొడితే మీ అమ్మ గిన్నె దించి, ఒరగకుండా తొట్టిలో పెడుతుంది. తిరగడం అయ్యాక ఒక దెబ్బ కొడితే మళ్ళీ ఎక్కిస్తుంది. పన్నెండేళ్ళుగా మా ఇద్దరికీ అదే మాట."

"మరి మేనేజరుగారికి చెప్పలేదేం?"

"చెప్పబోయాను. మీ అమ్మే ఆపింది." గుడ్డ పిండి భుజాన వేసుకున్నాడు. "'వద్దన్నయ్యా, అది మా పిల్ల రాసిన మొదటి కాగితం. మొదటిదే తప్పని కొట్టేస్తే ఇక దానికి రాయడానికి చెయ్యాడదు. నేను మధ్యమధ్య కిటికీ దగ్గరికెళ్ళి వంతెన దీపాలు చూసుకుంటాలే,' అంది. నాలుగు రోజులు చూసుకుంది కూడా. ఐదో రోజు నేనే తొందరపడి ముందు తిప్పాను. రాసేటప్పుడు అది కూడా రాయి."

జరిగినదాని మీద నన్నే రాయమంటారని సరంగుకి ముందే తెలుసు. లోపలికి వెళ్ళగానే మేనేజరు ప్రమాద నివేదిక ఫారం తీసి నా చేతికిచ్చాడు. "నీ రాత బాగుంటుంది, యజమానులకి పంపాలి. కారణం దగ్గర వంటమనిషి అజాగ్రత్త అని రాసెయ్. అసలు లాంచీలో పొయ్యి ఉండటమే ప్రమాదం. వంటగది ఎత్తేసి, ఒడ్డు నుంచే డబ్బాల్లో భోజనం తెప్పిద్దామనుకుంటున్నాను."

ఫారం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను. అమ్మ చేతికి మోచేతి దాకా కట్టు. నాన్న ఆవిడకి అన్నం కలిపి ముద్దలు పెడుతున్నాడు. ముద్దలు మరీ పెద్దవని ఆవిడ, నోరు చిన్నదని ఆయన.

నేను ఫారం సంగతి చెప్పాను.

"రాయి, అలాగే రాయి," అంది అమ్మ. "నాది అజాగ్రత్తే."

"గంట సంగతి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే ఏం చేసేదానివి?"

"ఆ మూడోది కొట్టేసేదాన్ని."

"అందుకే చెప్పలేదు." ముద్ద మింగింది. "పదకొండు మంది చెప్పిందే కదా నువ్వు రాశావు. అందులో అబద్ధమేముంది? పన్నెండేళ్ళ చెయ్యి, గంట లేకపోయినా నెగ్గుకొస్తాననుకున్నాను. అది నా పొగరు."

"ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి," అన్నాడు నాన్న. "అప్పుడు నేను ఈ మిషను నాలుగు కాళ్ళతో తొక్కాలి. ఉన్నవి రెండే." తర్వాత నవ్వు ఆపి అమ్మని అడిగాడు. "వంటగది ఎత్తేస్తే ఏం చేస్తావు నువ్వు?"

"ఏం చేస్తాను. ఇంట్లో కూర్చుంటాను."

ఎప్పుడూ చూడని ఊరి పేరు పలికినట్టు పలికింది ఆ మాట. నా చదువంతా ఆ ఒక్క కోరికతోనే సాగింది: నేను సంపాదించాలి, అమ్మ ఇంట్లో కూర్చోవాలి. ఆ కోరిక నాదే కానీ ఆవిడది కాదని, నాన్న చేతిలోని ముద్ద వైపు చూడకుండా గోడకేసి చూస్తున్న ఆ మొహం చూశాకే నాకు తెలిసింది.

మిషను బల్ల మీద గుడ్డలు పక్కకి జరిపి కూర్చుని రాశాను. గంట ఎందుకుందో, దాన్ని ఆపమని సూచించింది ఎవరో, ఇసుక పడవ, ముందే తిప్పడం. వంటమనిషి తప్పేమీ లేదు. అంతా రాశాక చివర్లో ఒక గడి మిగిలింది. నివేదిక రాసినవారికి గాయపడినవారితో బంధుత్వం. అందరూ అడ్డంగా గీత గీసి వదిలేసే గడి అది. నేను కూతురు అని రాశాను.

మేనేజరు దాన్ని రెండుసార్లు చదివాడు.

"చుట్టరికం ఉంటే ముందే చెప్పమన్నాను."

"అవును సార్. చెప్పలేదు."

"ఇది పైకి పంపితే గంట ఎవరు ఆపారని అడుగుతారు."

"నేనని రాశాను సార్."

"నువ్వు ఆపమని రాశావు. ఆపింది నేను." జేబులోంచి పెన్ను తీశాడు. నా వాక్యం కింద తన చేత్తో ఇంకో వాక్యం చేర్చాడు: ఎందుకు మోగుతోందో కనుక్కోకుండా గంట ఆపించింది నేను. కింద సంతకం పెట్టాడు. ఆ మనిషి మీద నాకు ఇవాళ్టికీ గౌరవం. ఆ వాక్యం రాయకపోయినా ఆయన్ని అడిగేవాళ్ళెవరూ లేరు.

"నీ ఉద్యోగం సంగతి అలా ఉంచు. వంటగది విషయం వేరు. పొయ్యి వెలగకపోతే నలభై మందికి డబ్బాలే దిక్కు. ఆవిడ చెయ్యి ఎన్నాళ్ళకి బాగవుతుంది?"

"మూడు వారాలు సార్."

"ఆ మూడు వారాలూ ఎవరు వండుతారు?"

"అమ్మ పక్కన కూర్చుని చెబుతుంది. నేను వండుతాను." అప్పటిదాకా నేను పొయ్యి మీద పెట్టింది టీ ఒక్కటే. నువ్వు చదువుకో, నేను చూసుకుంటా అంటూ అమ్మ నన్ను ఏనాడూ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఆ ముక్క ఆయనకి చెప్పలేదు.

"వారం చూస్తాను," అన్నాడు మేనేజరు.

అలా మధ్యాహ్నం బస్సులో ఇద్దరం కలిసి వెళ్ళడం మొదలైంది. ఒంటిగంట నుంచి ఐదున్నర దాకా వంటగది. తర్వాత మొహం కడుక్కుని, కోటు తొడుక్కుని పైకి. అమ్మ పీట మీద కట్టుచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

"వంటమ్మగారూ, ఉప్పు ఎంత?" అన్నాను మొదటిరోజు, అలవాటు కొద్దీ.

గిన్నెలు కడిగే ఆమె ఫక్కుమంది. "అందరికీ తెలిసిపోయిందిలే. అమ్మా అను."

"ఉప్పు ఎంతమ్మా?"

"చాలినంత."

"చాలినంత అంటే ఎన్ని చెంచాలు?"

"మీ కాలేజీలో చాలినంత అనేది చెప్పలేదా?"

నేను పుస్తకంలో రాసుకోబోతే, ఆవిరికి తడిసి చస్తుంది, అవతల పెట్టు అంది. చేప వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "నూనె మాట్లాడుతోందా?"

"చప్పుడు చేస్తోంది."

"అది గొణుగుడు. మాట్లాడినప్పుడు వెయ్యి."

మొదటిరోజు అన్నం ముద్దయింది. రెండోరోజు చేప పెనానికి అంటుకుని సగం అక్కడే ఉండిపోయింది. అమ్మ ఎడమచేత్తో అట్లకాడ అందుకుని ఆ ముక్కల్ని గీరి, ఉల్లిపాయలు కలిపి, బంగాళాదుంపల మీద చల్లి పంపింది. అది బాగుందని ఎవరో చీటీ రాశారు. మూడోరోజు నా వేళ్ళకి రెండు కట్లు. నాన్న చూసి, ఇంట్లో బాగున్న చేతులు నావే మిగిలాయి, ఇక మీ ఇద్దరికీ ముద్దలు పెట్టాలేమో అన్నాడు.

ఏడింటికి నేను పైన ఉండాలి. మేనేజరు గంట మళ్ళీ మోగించమన్నాడు కాబట్టి, మైకులో ఇప్పుడు ఇంకో మాట చేర్చాను. "కాసేపట్లో గంట రెండు దెబ్బలు మోగుతుంది. అది మీకు కాదండీ. మనందరికీ కింద వండుతున్నవాళ్ళకి. వాళ్ళు గిన్నె దించాకే లాంచీ తిరుగుతుంది." గంట మోగింది. కింద గిన్నెలు కడిగే ఆమె గిన్నె దించుతుందని నాకు తెలుసు, అమ్మ ఎడమచేత్తో అంచు సర్దుతుందనీ తెలుసు. హాల్లో చెంచాలు ఆగిపోయాయి. కిటికీ పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన గ్లాసు పట్టుకుని, గొంతు తగ్గించి, "దించేశారా అమ్మా?" అని అడిగాడు. ఆ ప్రశ్న అడిగిన మనిషిని నేను మర్చిపోలేను.

ఆరోరోజు మధ్యాహ్నం మేనేజరు వెనక మెట్లు దిగి వంటగదిలోకి వచ్చాడు. వంగడం మరిచిపోయి నుదురు దూలానికి కొట్టుకున్నాడు. నుదురు రుద్దుకుంటూ, ఒక పళ్ళెం తీసుకుని నిలబడే తిన్నాడు. అన్నం తిన్నాడు, చేప తిన్నాడు. మేము ముగ్గురం ఆయన దవడలకేసి చూస్తున్నాం.

"ఈ బంగాళాదుంపలు తరిగిందెవరు?"

"నేను సార్."

"తెలుస్తోంది." పళ్ళెం కింద పెట్టాడు. అమ్మ వైపు తిరిగాడు. "వచ్చేవారానికి చేపలవాడికి ఎంత చెప్పమంటారు?"

అమ్మ తన కట్టు అంచున దారం ఒకటి వేలాడుతుంటే దాన్ని చుట్టి లోపలికి దోపింది. "ఎంతమంది వస్తున్నారు?" అంది తర్వాత.

అంతే. డబ్బాల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సీజను అయ్యాక నన్నూ ఉంచుకున్నారు. కానీ నేను చెప్పదలుచుకున్నది అది కాదు.

ఇరవై మూడో రోజు. కట్టు విప్పేశారు. కొత్త చర్మం లేత గులాబీరంగులో, చంటిపిల్ల చెంపలా ఉంది. నేను ఎప్పటిలాగే ఒంటిగంటకి దుంపలు ముందేసుకుని తరుగుతున్నాను. అమ్మ చేతులు కడుక్కుంది. కొంగు బిగించింది. వచ్చి నా పక్కన నిలబడింది.

"జరుగు."

"ఇంకో రెండ్రోజులు నేను చేస్తానమ్మా. చర్మం ఇంకా పచ్చిగా ఉంది."

"ముక్కలు చూడు. ఒకటి ఏనుగు, ఒకటి ఎలుక. ఏది ఎప్పుడు వేగుతుందని?"

"నేర్చుకుంటున్నాను కదా."

"నేర్చుకుందువుగాని. ఇంట్లో. ఇది నా పీట. జరుగవే."

కత్తి ఆవిడ చేతికిచ్చి పక్కకి జరిగాను. మొదటి దుంప మెల్లగా తరిగింది, వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ, చాస్తూ. రెండోది కాస్త వేగంగా. మూడోదానికి చప్పుడు కుదిరింది, ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ తేడా లేకుండా. నేను చేతులు తుడుచుకుంటూ మెట్ల దగ్గర నిలబడి వింటున్నాను. ఇన్నాళ్ళ నా చదువులో, నా ఉద్యోగంలో, నువ్వు ఇక అక్కర్లేదు అని ఎవరైనా అంటారేమోనని భయపడుతూనే బతికాను. ఆ మధ్యాహ్నం మా అమ్మ ఆ మాటే వెనక్కి తిరిగి చూడకుండా, ఆ కత్తి చప్పుడుతోనే అంటుంటే, అంతకంటే మంచి మాట నాకు ఎవరూ చెప్పలేదనిపించింది.